ఎదిగే పిల్లకు పెద్ద పిడి

మొదటి పిస్టల్ ఏది కొనాలో చెప్పమని వచ్చిన ప్రతివారినీ నేను ముందు చెయ్యి చూపించమనేవాణ్ణి. చైనా వాళ్ళు, మలయ్ వాళ్ళు మామూలుగా చాపేవారు. మనవాళ్ళు మాత్రం మగవాళ్ళయితే కుడిచెయ్యి, ఆడవాళ్ళయితే ఎడమచెయ్యి చాపి, అరచెయ్యి వెల్లకిలా పెట్టేవారు. సైన్స్ పార్కులో పరిశోధన చేసే ఒక కుర్రాడైతే, అతని చూపుడువేలు కొలుస్తున్న నన్ను ఆపి, "విదేశీ యోగం ఉందా అంకుల్?" అని అడిగాడు. "ఉంది బాబూ, సింగపూర్ ఎమ్మార్టీ రైలెక్కి వచ్చేశావుగా" అన్నాను.

మీలో ఎవరైనా ఈ ఆటలోకి కొత్తగా రాబోతుంటే నవ్వడం ఆపి మీ చెయ్యి మీరే ఒకసారి చూసుకోండి. పిస్టల్ గురించి మీకు తెలియాల్సినదంతా దుకాణంలో కంటే అక్కడే ఎక్కువ ఉంటుంది.

నేను సింగపూర్‌లో ఒక షూటింగ్ క్లబ్బు ఆయుధాల గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు బుకిట్ పంజాంగ్ ఫ్లాట్లో కూర్చుని మా ఆవిడ ఇచ్చిన కూరగాయలు తరుగుతున్నాను. మా బ్లాకు పక్కగా పోయే చిన్న రైలు ఇళ్ళ దగ్గరికి రాగానే దాని కిటికీ అద్దాలు వాటంతటవే మసకబారతాయి. జనం ఇళ్ళల్లోకి తొంగిచూడకుండా చేసిన ఏర్పాటని అందరూ అంటారు. నేను బెండకాయలు తరిగే తీరు చూసి లోకం భయపడకుండా చేసిన ఏర్పాటని మా ఆవిడ అంటుంది.

మా తాత విజయనగరం వైపు నుంచి మలయాకి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. సెకండరీ రెండులో, అంటే మన ఎనిమిదో తరగతిలో, లెక్కల టీచరు నన్ను గది బయట నిలబెట్టారు. మళ్ళీ లోపలికి పిలిచేలోగా నాకు ఓడలు బాగుచేసే యార్డులో పని దొరికింది. అక్కడ ఆకురాయి పట్టడం నేర్చుకున్నాను. ఇనుమైనా కర్రైనా అరగదీయడం నా విద్య. మా ఆవిడ లెక్కలో మనుషుల్ని కూడా.

ఆ విద్యే నన్ను క్లబ్బులోకి తెచ్చింది. అక్కడ నాతో పాటు ఇద్దరు ఉండేవారు. ఒకరు కోచ్. చైనా మనిషి, పెద్దాయన, మాటల్ని బియ్యంలా కొలిచి వాడేవాడు. ఇంకొకరు రేంజ్ చూసుకునే మలయ్ ఆవిడ. కాల్చే చోట ఎవరు నోరు తెరిచినా ఆవిడ చూపే ముందు కాలుస్తుంది. మేమందరం ఆవిడని 'కక్' అనేవాళ్ళం. అక్క అని అర్థం.

ఈ ఊళ్ళో తుపాకీని ఇంటికి పట్టుకెళ్ళడమన్న మాట లేదు. మీరు కొన్నదే అయినా అది క్లబ్బులోనే తాళాల వెనక పడుకుంటుంది. ఇల్లరికం అల్లుడి లాంటిది. చూడాలంటే మీరే రావాలి. అందుకే మా దగ్గర మొదటి పిస్టల్ ఎంపిక పెళ్ళిచూపుల్లా జరిగేది. నేను బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, క్లబ్బు పిస్టళ్ళు మూడు వరసగా పెట్టేవాణ్ణి. చూడటానికి వచ్చినవాళ్ళు అందమైనదాని మీద చెయ్యి వేసేవారు. నేను ఆ చెయ్యి మెల్లగా తీసేసి, "కళ్ళు మూసుకో. చెయ్యి ఎత్తు. ఇప్పుడు తెరువు" అనేవాణ్ణి. తెరిచేసరికి గొట్టం మీద ముందున్న గురిదిమ్మ వెనకున్న గాడి మధ్యలోకి వచ్చి నిలబడితే ఆ పిస్టల్ మీదే. పక్కకి పోయిందంటే అది ఎంత అందగత్తె అయినా పరాయిది. కారు రంగుకి సరిపోయే పిస్టల్ కావాలని పట్టుబట్టిన ఒక పెద్దమనిషికి కూడా ఇదే పరీక్ష పెట్టాను. దిమ్మ పక్కకి పోయింది. ఆయన కారు మార్చలేదు గానీ పిస్టల్ మార్చుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి.

ఒక శనివారం సెంగ్‌కాంగ్ నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయనది కరీంనగర్ వైపు, బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. పిల్లకి పదిహేనేళ్ళు. స్కూలు జట్టులో స్కూలు పిస్టల్‌తోనే కాల్చేది. గాలి పిస్టల్, గుండు కందిగింజంత, దూరం పది మీటర్లు. పిల్లలో నిలకడ ఉంది, సొంతది ఉంటే బాగుంటుంది అని మా కోచ్ స్వయంగా చెప్పాడు. ఆయన నోట అంత పొడుగు వాక్యం రావడం మాకు పండగే.

తండ్రి బాగా చదువుకుని వచ్చాడు. నేను మూడు పిస్టళ్ళు పరిచేలోగా ఆ మూడింటి పుట్టుపూర్వోత్తరాలు నాకే చెప్పాడు. చివరికి ఏది ఎంచాడో అదే నేనూ ఎంచేవాణ్ణి. బరువు సరి, ట్రిగ్గర్ మెత్తన, మరమ్మత్తు సులువు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క నాకు కాస్త దిగులేసింది. అప్పుడు పిడి దగ్గరికి వచ్చాం.

"పిడి చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు రకాలు తమ్ముడూ. అమ్మాయికి చిన్నది చెబుదాం" అన్నాను.

"ధరల తేడా ఎంతన్నా?"

"తేడా లేదు. మూడూ ఒకటే."

ఆయన ముఖం దీపావళి అయింది. "ఒకటే ధరకు పెద్దది వస్తుంటే చిన్నది ఎవడన్న తీసుకుంటడా?"

"చెయ్యి చిన్నది కదా మరి."

"పెరిగే పోరి అన్నా! ఇయ్యాల చిన్నది తీస్కుంటే వచ్చే ఏడు బిగుతైతది. పెద్దది తీస్కుంటే నాలుగేండ్లు సూడాల్సిన పన్లేదు."

పిల్ల నోరు విప్పింది, మాట చివర 'లా' అని తోక తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో. "డాడీ, ఇట్స్ నాట్ పినఫోర్ లా."

"నువ్వు సప్పుడు జెయ్యకు. ఆ స్కూలు గౌను, పినఫోర్, లూజున్నదని ఎంత ఏడ్సినవ్? ఇప్పుడు సరిపోలేదా?"

"ఫిట్ ఆల్రెడీ. నౌ టోర్న్ ఆల్రెడీ."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన్ని తప్పుపట్టలేం. మన ఇళ్ళల్లో పిల్లలకి ఈ ఏటి కొలతకి ఏదైనా కొన్నామా? బూట్ల ముందు దూది కుక్కుతాం. పట్టులంగాకి మూడు మడతలు వేసి, పండక్కొక మడత విప్పుతాం. సైకిల్ కొంటే కాళ్ళు అందడానికి రెండేళ్ళు పడుతుంది. అందేసరికి సైకిలే ఉండదు. నేను పెళ్ళికి వేసుకున్న కోటు కూడా వచ్చే ఏటి కొలతే. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఆ ఏడు ఇంకా రాలేదు. కానీ పిస్టల్ పిడిని ఆ లెక్కలో కొన్నవాణ్ణి మాత్రం అదే మొదటిసారి చూడటం.

ఆయన డబ్బు కట్టడానికి ఆఫీసు వైపు వెళ్ళగానే పిల్ల తన కాన్వాసు బూటు విప్పి చూపించింది. లోపల రెండు జతల మేజోళ్ళు. "అంకుల్, మై హోల్ లైఫ్ ఈజ్ నెక్స్ట్ ఇయర్ సైజ్" అంది.

తండ్రి తిరిగొచ్చి షరతు చెప్పాడు. మా అందరి ముందూ, పిల్ల ముందూ. "ఒక్క ఏడాది సూస్తం. యూత్ స్క్వాడ్ సెలక్షన్ల పేరొస్తే ఆడుకోనీ. రాకుంటే తుపాకి ఎట్లన్న కొత్తదాని లెక్కనే ఉంటది, అమ్మేస్తం. శనివారాలు ట్యూషన్‌కు పోతది. అంతే గదా బిడ్డా?"

"ఓకే" అంది పిల్ల. ఆ ఓకే అనేటప్పుడు దాని చెయ్యి బల్ల మీది పిస్టల్ మీంచి కదల్లేదు. అది చూశాక నాకు నవ్వు తగ్గింది.

పిస్టల్ వచ్చింది. నున్నటి వాల్‌నట్ పిడి, చూడముచ్చటగా. పిల్ల చేతిలో మాత్రం అమ్మ చెప్పులేసుకున్న చంటిదానిలా. పిడి చుట్టూ చెయ్యి తిరిగేసరికి వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌ని తాకేది. కొసతో లాగితే ఏమవుతుంది? పిస్టల్ పక్కకి నెట్టుకుపోతుంది. గుండ్లన్నీ ఎడమవైపుకే పోయేవి, ఉచిత భోజనం అటే ఉన్నట్టు. స్కూలు పాత పిస్టల్‌తో వచ్చిన మార్కులు కూడా కొత్తదానితో రాలేదు.

కోచ్ తండ్రిని పిలిచి చెప్పాడు. "ఫింగర్ కెనాట్ రీచ్. హౌ టు పుల్?"

"నెక్స్ట్ ఇయర్ పర్ఫెక్ట్ ఫిట్, కోచ్" అన్నాడు ఈయన.

"సెలక్షన్ దిస్ ఇయర్ లేహ్."

దానికి ఆయన దగ్గర జవాబు ఉంది: రాగి జావ. మర్నాటి నుంచి పిల్లకి పొద్దున రాగి జావ, సాయంత్రం రెండు గుడ్లు. ఇంకో పిడి విడిగా తెప్పించుకోవచ్చు తమ్ముడూ అని నేనూ చెప్పి చూశాను. "ఉన్నది ఉండంగ ఇంకోటెందుకన్నా? జర ఓపిక పట్టు, చెయ్యి వస్తది" అన్నాడు. ఊరి నుంచి ఎవరో బంధువు వస్తున్నట్టు.

ఆ పిల్ల ఫిర్యాదు చేసే రకం కాదు. జోకులేసేది. కానీ ఒక శనివారం కాల్చడమయ్యాక జోకు వెయ్యకుండా పిస్టల్ అప్పగించి వెళ్ళిపోయింది. నేను తాళం వెయ్యకుండా ఆ పిడి చూస్తూ నిలబడ్డాను. మంచి కర్ర. మెత్తటి కర్ర. ఆకురాయి సొరుగులోనే ఉంది.

మీకో సంగతి చెప్పాలి. పిడిని ఎవరి చేతికి వాళ్ళు చెక్కుకోవడం ఈ ఆటలో తప్పు కాదు. పేరున్న షూటర్ల పిడులు చూడండి, ఎలక కొరికినట్టుంటాయి. కాబట్టి నేను చెయ్యబోయేది నేరం కాదు. తండ్రికి చెప్పకపోవడం మాత్రం... దాన్ని మా విజయనగరంలో చమత్కారం అంటారు.

తర్వాతి శనివారం పిల్లని అడిగాను. "చెక్కనా?"

"డాడీ?"

"డాడీ అద్దం అవతల."

తల్లిదండ్రులకి లోపలికి ప్రవేశం లేదు. నడవాలో అద్దం అవతల కుర్చీల్లో కూర్చుని చూడాలి. పిస్టల్‌ని ముట్టుకోవడం అసలే కుదరదు. అంత దూరం నుంచి చూస్తే పిడి పిడిలాగే ఉంటుంది.

పిల్ల అద్దం వైపు చూసింది. తండ్రి బొటనవేలు పైకెత్తి చూపించాడు. తనూ చూపించి, నా వైపు తిరిగి, సరేనన్నట్టు "కెన్" అంది.

కక్ తన సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడర్ తీసి ఇచ్చింది. పిల్ల అరచేతికి అది రాసి పిడి పట్టుకుని వదిలితే, ఎక్కడ ఒత్తుకుంటోందో అక్కడ తెల్లగా అంటుకుంటుంది. ఆ తెలుపు వరకే గీకడం, ఉప్పు కాగితంతో నునుపు చెయ్యడం, మళ్ళీ పౌడర్. వారానికి కాస్త. ఎందుకు కాస్త అంటే, తీసిన కర్ర మళ్ళీ అతకదు. ఇంకో కారణం కూడా ఉంది. పిల్ల చెయ్యి ఒక్క వారంలో పెరిగిపోతే తండ్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు.

కోచ్ ఒకసారి గుమ్మంలో నిలబడి నేను గీకడం చూశాడు. "ఐ నెవర్ సీ ఎనీథింగ్ ఆ" అని, ఇంకో రెండు చోట్ల ఎక్కడ గీకాలో వేలితో చూపించి వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో మాత్రం అనుమానం మొదలైంది. "జేబులో ఈ చెక్కపొడి ఏంటి? చెదలు నీకు పట్టాయా, నువ్వు చెదలకి పట్టావా?" అంది మా ఆవిడ.

గుండ్లు ఎడమవైపు నుంచి మెల్లగా నడిమికి జరిగాయి. ప్రతి శనివారం తండ్రి నడవాలో నన్ను పట్టుకునేవాడు.

"ఎట్లున్నదన్నా? పిడి సరిపోతున్నదా?"

"పోయిన వారం కంటే బాగా సరిపోతోంది తమ్ముడూ."

"జెప్పిన గదా! చెయ్యి వస్తున్నది."

"తేడా తగ్గుతోంది" అనేవాణ్ణి. ఒక్క అబద్ధమూ ఆడలేదని గమనించండి. ఈ విద్య బళ్ళో నేర్పరు.

ఆయన పిల్ల అరచెయ్యి తన అరచేతికి ఆనించి కొలుచుకునేవాడు. నిజంగా పెరిగినట్టే కనిపించేదేమో, ముఖం విప్పారేది. నడవాలో కూర్చున్న మిగతా తల్లిదండ్రులకి రాగుల మహిమ చెప్పేవాడు. పొట్లాలు తెచ్చి పంచేవాడు. కోచ్‌కీ ఒకటిచ్చాడు. కోచ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను పక్కకి పిలిచి, "దిస్ వన్, హెయిర్ ఆల్సో కెన్ గ్రో ఆ?" అని అడిగాడు. ఆయనది నున్నటి గుండు. "పెద్ద సైజు టోపీ కొని పెట్టుకోండి, జుట్టు వస్తుంది" అన్నాను.

ఇలా నవ్వుతూనే సెలక్షన్ల రోజుకి వచ్చాం.

ఆ రోజు మా రేంజ్‌కి వేరే క్లబ్బుల వాళ్ళూ వచ్చారు. జట్టులోకి తీసుకునేది ఎనిమిది మందిని. వచ్చిన వాళ్ళు చాలామందే. కాల్చే ముందు ప్రతి పిస్టల్‌నీ తనిఖీ చేస్తారు. ట్రిగ్గర్ బరువు తూస్తారు, కొలతపెట్టెలో పట్టిందో లేదో చూస్తారు. కట్టిన తాడుకి అవతల తల్లిదండ్రులు నిలబడవచ్చు. మన తండ్రి మొదటి వరసలో, చేతిలో నీళ్ళ సీసా, ఛాతీ రెండు సైజులు పెద్దది చేసుకుని నిలబడ్డాడు.

తనిఖీ చేసేవాడు వేరే క్లబ్బు కుర్రాడు. పాపం, మంచివాడు. పిల్ల పిస్టల్ తీసుకుని తిప్పి చూసి, మెచ్చుకుంటూ గట్టిగా అన్నాడు: "వా, హూ కార్వ్ దిస్? సో నైస్!"

"కార్వా?" అన్నాడు తండ్రి.

పిల్ల నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"డాడీ... అంకుల్ ఫైల్ అ బిట్ ఓన్లీ."

"బిట్?" అన్నాడు ఆ కుర్రాడు, పని తెలిసినవాడి ఉత్సాహంతో. "నాట్ బిట్ లా. దిస్ వన్ హాఫ్ గాన్ ఆల్రెడీ."

తండ్రి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే షూటర్లని లైను మీదికి పిలిచారు. పిల్ల పిస్టల్ పట్టుకుని, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది. తలుపు మూశారు. ఇక మాట్లాడకూడదు. సెలక్షన్ల రోజు కాబట్టి లోపలే వేసిన చూసేవాళ్ళ కుర్చీల్లో ఆయన నా పక్కకే వచ్చి కూర్చున్నాడు. నాకు వేరే చోటు దొరకలేదు, వెతికాను.

"అన్నా" అన్నాడు, పళ్ళు కదలకుండా.

"ఊఁ."

"చెక్కినవా?"

"చెక్కాను."

"ఎప్పటి సంది?"

"నువ్వు రాగి జావ మొదలుపెట్టినప్పటి నుంచి."

ఆయన కాసేపు లెక్క కట్టుకున్నాడు. "అంటే... చెయ్యి పెరగలే?"

"చెయ్యి అక్కడే ఉంది తమ్ముడూ. కర్ర తగ్గింది."

"మరి నేనడిగినప్పుడల్ల సరిపోతుందన్నవ్?"

"సరిపోయిందిగా."

"నా తుపాకిని నాకు జెప్పకుంట..."

కక్ తిరిగి చూసింది. ఇద్దరం బళ్ళో పిల్లల్లా చేతులు కట్టుకున్నాం.

అప్పటికి మార్కులకి లెక్కపెట్టే గుండ్లు మొదలయ్యాయి. ఒక్కో షూటర్ మార్కు తెర మీద పడుతోంది. మన పిల్ల మొదటి గుండు కాల్చి, చెయ్యి దించి, వెనక్కి తిరిగి చూసింది. తండ్రి ముఖం ఎర్రగా ఉంది. మీసం కూడా ఎర్రబడిందా అనిపించింది. పిల్ల ముందుకి తిరిగింది. తర్వాతి గుండుకి పదికి ఏడు. మళ్ళీ తిరిగి చూసింది. ఆ తర్వాతిది ఆరు.

"ఏమైంది దానికి?" అన్నాడు తండ్రి. కోపం మరిచి కుర్చీ అంచుకి జరిగాడు.

"నీ ముఖం చూస్తోంది."

"నా ముఖానికేమైంది?"

"పెద్ద సైజు కోపం ఉంది తమ్ముడూ. ఆ పిల్లకి సరిపోదు."

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ నవ్వు కోపం కంటే భయంకరంగా ఉంది. పిల్ల అది కూడా చూసింది. మళ్ళీ ఆరు. కోచ్ అవతల గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చమత్కారం చమత్కారమే గానీ, ఆ తెర మీద పడుతున్నవి దాని శనివారాలు.

అప్పుడు ఆ తండ్రి ఒక పని చేశాడు. లేచి నిలబడి, కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి, అటు తిప్పి వేసుకుని, రేంజ్‌కి వీపు పెట్టి గోడకేసి కూర్చున్నాడు. ఎదురుగా మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటే ఉంది. దాన్నే చూస్తూ, "సూడకుంట కూసుంట. నువ్వు చెప్పు" అన్నాడు.

చూసేవాళ్ళందరూ తిరిగి ఆయన్నే చూశారు. కక్ కళ్ళు పెద్దవి చేసింది. కానీ కుర్చీ ఎటు వేసుకోవాలో రూల్సులో లేదు.

పిల్ల మళ్ళీ వెనక్కి తిరిగింది. ముఖం ఉండాల్సిన చోట వీపు కనిపించింది. చొక్కా కాలర్, దాని పైన కొద్దిగా బట్టతల, అంతే. పిల్ల భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. పిస్టల్ బల్ల మీద పెట్టి, నవ్వంతా అయిపోయేదాకా ఆగి, చెయ్యి తుడుచుకుని, మళ్ళీ ఎత్తింది.

"ఎంత?" అన్నాడు గోడతో.

"పది."

"మల్ల?"

"పది."

"ఇప్పుడు?"

"తొమ్మిది."

"తొమ్మిదెందుకు?"

"తమ్ముడూ, నువ్వు గోడ చూడు."

అలా చివరిదాకా ఆయన ఆ సిలిండర్ మీద రాసిన ప్రతి అక్షరమూ చదివి ఉంటాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను చెబుతూ పోయాను. చివరివైపు పిల్ల గుండ్లు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయంటే, కోచ్ కళ్ళు తెరిచి, తెర దగ్గరికి నడిచి వెళ్ళి చూశాడు.

ఫలితం చదివారు. ఎనిమిది పేర్లు. మన పిల్లది తొమ్మిదోది.

మొదటి నాలుగైదు గుండ్లలో పోయిన మార్కులు చివరికి తిరిగి రాలేదు. "స్టార్ట్ నో గుడ్. ఎండింగ్, ఐ లైక్" అన్నాడు కోచ్. కానీ ఇష్టాలతో జట్టు కట్టరు.

పిల్ల ఏడవలేదు. పిస్టల్‌ని శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, ఆయుధాల గది కిటికీ దగ్గర నాకు అప్పగించింది. "అంకుల్, సెల్ ఇట్ టు సమ్‌వన్ నైస్ ఆ" అంది. "స్మాల్ హ్యాండ్ వన్." అని గబగబా బయటికి వెళ్ళిపోయింది. అక్కడ బెంచీ మీద వాళ్ళమ్మ ఉంది.

నా దగ్గర ఆ పూట ఒక్క జోకూ మిగల్లేదు.

తండ్రి వచ్చాడు. కిటికీ అవతల నిలబడి, "ఏదీ, ఏం చెక్కినవో సూపియ్యి" అన్నాడు. ఆయన పిస్టల్‌ని పట్టుకోకూడదు కాబట్టి మర విప్పి, కర్రపిడి ఒక్కటీ తీసి చేతిలో పెట్టాను. కోచ్, కక్ కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు, ఏమవుతుందోనని.

ఆయన దాన్ని తిప్పితిప్పి చూశాడు. తన వేళ్ళు అందులో పెట్టబోయాడు. పట్టలేదు. ఒక్కో వేలి గాడి మీదా బొటనవేలితో రాశాడు. చిన్న చిన్న గాళ్ళు. చిటికెనవేలు గాడి మరీ చిన్నది. అక్కడే చాలాసేపు ఆగాడు.

"ఇంతేనా దాని చెయ్యి?" అన్నాడు.

"అంతే."

పిడిని పైకెత్తి పట్టుకున్నాడు. "కొత్తదాని లెక్కనే ఉంటదనుకున్న. అమ్ముదామనుకున్న. ఇదెవడు కొంటడు ఇప్పుడు?" ఆ ప్రశ్న నాకు కాదు, కోచ్‌కి. "కోచ్, హూ విల్ బై దిస్?"

కోచ్ పిడి తీసుకుని తన చేతిలో పెట్టుకు చూశాడు. పట్టలేదు. కక్‌కి ఇచ్చాడు. కక్ చెయ్యి చిన్నదే, అయినా పట్టలేదు. "నోబడీ" అన్నాడు కోచ్. "ఓన్లీ హర్."

కొత్త పిడి ఒకటి తెప్పించి తగిలిస్తే ఆ పిస్టల్ మర్నాడే అమ్ముడుపోతుంది. ఆ సంగతి కిటికీకి ఇటున్న ముగ్గురికీ తెలుసు. అటున్న ఆయనకి మా ముగ్గురికంటే బాగా తెలుసు. ఆయన నా కళ్ళలోకి చూశాడు. నేను నోరెత్తుతానేమోనని చూస్తున్నట్టుంది. పుట్టాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాను.

"మొత్తం ఖరాబు జేసినవ్ అన్నా" అన్నాడు.

"చేశాను తమ్ముడూ."

"చెక్కిన కాడ నూనె పెట్టు. చెమటకు పగుల్తది."

కక్ దగ్గర్నుంచి పిడి అడిగి తీసుకుని, నా చేతిలో పెట్టి బయటికి నడిచాడు. తలుపు తెరిచే ఉంది, మాకు అన్నీ వినబడుతున్నాయి.

"లే బిడ్డా. ఆ అంకుల్ నీ తుపాకిని ఖరాబు జేసిండు. ఎవ్వరు కొనరంట. ఏం జేస్తం మరి? ఇగ నువ్వే కాల్చాలె."

బెంచీ కిర్రుమంది.

"దెన్ శాటర్‌డే ట్యూషన్ హౌ?"

"ఆదివారం పో."

"సండే ఆల్సో హ్యావ్ ట్యూషన్ వాట్!"

"అయితే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి."

"డాడీ!" అని పిల్ల అరిచిన అరుపులో సంతోషమెంతో, ఏడుపెంతో నేను చెప్పలేను. వాళ్ళమ్మ మాత్రం పడీపడీ నవ్వుతోంది. కక్ కళ్ళు తుడుచుకుంటూ, కళ్ళలో పౌడర్ పడిందని చెప్పింది. కోచ్ సొరుగు తెరిచి నూనె సీసా నా ముందు పెట్టాడు.

ఆ పిల్ల ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది, ఇంకా కాలుస్తోంది. తర్వాతి ఏడు జట్టులోకి వచ్చిందా అని అడుగుతారు మీరు. వచ్చింది, తర్వాత పోయింది, మళ్ళీ వచ్చింది. ఆటన్నాక అంతే. మన తెలుగువాళ్ళ భోజనాల్లో ఎక్కడ కలిసినా వాళ్ళ నాన్న నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళి, కొత్తవాళ్ళందరి ముందూ నిలబెట్టి, "ఇగో, మా తుపాకిని ఖరాబు జేసింది ఈయనే" అని పరిచయం చేస్తాడు. జనం నన్ను అనుమానంగా చూస్తారు. నేను పులిహోర విస్తరి ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, "అవునండీ, మొత్తం నేనే" అంటాను.